కరుణమ్మ పప్పు ఉడకని ఆదివారం

కనకమామిడి చర్చిలో కోత పండుగ విందంటే పప్పు కరుణమ్మదే. ఇరవై ఆరేళ్లుగా ఆ గరిటె ఇంకొకరి చేతికి పోలేదు, ఆమె పోనివ్వలేదు. మిగతా రోజుల్లో అజీజ్‌నగర్‌లోని ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది. పప్పు అంత మెత్తగా ఎట్లా ఉడుకుతుందని ఎవరడిగినా అరచెయ్యి ఎత్తి చూపిస్తుంది. అందులో పసుపు మరక తప్ప ఏమీ ఉండదు, అయినా అందరూ తలూపుతారు.

విందు వంటలో ఆడవాళ్లు పొయ్యి దగ్గర, మగవాళ్లు నీళ్ల దగ్గర. అందుకే పప్పు ఉడికే గంజులోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో కరుణమ్మ ఏనాడూ అడగలేదు. ఈసారి నల్లా రాలేదు. నీళ్ల పని చూసే జయరాజ్ చర్చి వెనక కొత్తగా వేసిన బోరు నీళ్లు తెచ్చి పోసి, చెమట తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి పొయ్యెక్కిన కందిపప్పు పదిన్నరకు కూడా మెదగలేదు. కరుణమ్మ కట్టెలు ఎగదోసింది. మంట గంజు మెడ దాకా లేచింది. పప్పు మాత్రం గులకరాళ్లలా దొర్లుతూనే ఉంది. పాత పప్పు అంటగట్టాడని కొట్టువాణ్ణి తిట్టింది. ఏటా ప్రసంగం సాగదీస్తున్నారని సణిగే మనిషి, ఇంకో రెండు పాటలు పాడించమని పాస్టరుకు కబురు పంపింది.

పక్క పొయ్యి మీద అన్నం వండుతున్న విమలమ్మకు చాలా ఏళ్లుగా ఆ గరిటె మీదే కన్ను. ఆమె ఒక పప్పు బద్దను వేళ్ల మధ్య నొక్కి చూసి, ఏమీ అనకుండా మళ్లీ గంజులోనే వేసింది. ఏదో ఒకటి అన్నా బాగుండేదనిపించింది కరుణమ్మకు.

తొమ్మిదో తరగతి చదివే మనవరాలు దీవెన గంజు అంచున కట్టిన తెల్లటి పొరను గోటితో గీకింది.

"అవ్వా, ఇది బోరు నీళ్లల్ల ఉన్న సున్నం. పప్పును మెత్తగ కానియ్యదు. ఎంత మంట పెట్టినా మరిగే నీళ్లు ఇంక వేడెక్కవు. ఆవిరైతయి, సున్నం లోపల్నే మిగుల్తది."

"అయితే నా చేతి గుణం అబద్ధమా?"

"ఫామ్‌హౌస్‌ల ఫిల్టర్ నీళ్లు, ఇంట్ల నల్లా నీళ్లు. బోరు నీళ్లతోని ఎన్నడన్న వండినవా?"

కరుణమ్మ ఆలోచించింది. వండలేదు. తర్వాత గంజులోని నీళ్లు వంపించి, ఫిల్టర్ నీళ్ల క్యాన్లు తెప్పించి పోయించింది. హోటలోళ్ల పని అని ఇన్నాళ్లూ ఈసడించిన వంటసోడాను కొంగు చాటున రెండు చెంచాలు వేసింది.

చర్చిలో ఆ రెండు పాటలు నాలుగయ్యేసరికి పప్పు గరిటెకు లొంగింది.

బంతిలో విమలమ్మ రెండోసారి వడ్డించుకుంది. "ఆఖరికి నీ చేతికే ఉడికింది అక్కా," అంది.

ఊరుకుంటే సరిపోయేది. కరుణమ్మ పక్కన కూర్చుంది. "చెయ్యి కాదు విమలా, నీళ్లు. వచ్చే ఏడు పప్పు నువ్వే వండు. నీళ్లు నేను జూస్త."

విమలమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. కరుణమ్మ లేచి నాలుగడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

"ఉప్పు మాత్రం నన్నడిగి ఎయ్యి."