జీన్స్ గుడ్డ బిళ్ళలు

రాయదుర్గంలో బాబావలిని కటింగ్ మాస్టరు అంటారు. సొంతూరు ఉరవకొండ పక్కన. వానలు మొండికేసి వేరుశనగ వరసగా ఎండిపోయిన ఏళ్ళలో నాయన చేను కౌలుకిచ్చి కొడుకును బస్సెక్కించాడు. అప్పటినుంచి జీన్స్ గుడ్డే అతని సేద్యం. పొరలు పొరలుగా పరిచిన గుడ్డలో కోత మిషన్ను నడపడం అతనికి అన్నం కలుపుకున్నంత తేలిక. మాట దగ్గర మాత్రం మహా పిసినారి. మనసులో ఉన్నది నోటితో చెప్పమంటే చెమటలు పట్టే మనిషి.

అతనికున్న ఒకే ఒక్క సరదా ఆదివారం పేక. పక్క బల్ల మీద కోసే నరేంద్ర, గుండీలు కొట్టే గురప్ప, టైలరు అనిల్ కుమార్, తను. నలుగురూ ఫోనులో చూసి పోకర్ నేర్చుకున్నారు. దుడ్లు పెట్టి ఆడటం బాబావలి గడప లోపల కుదరదు. అందుకని ప్యాంటు గుండీలే పందెం. దానికి టోర్నమెంటు అని పెద్ద పేరొకటి! గెలిచినవాడికి దక్కేది వారమంతా మిగతా ముగ్గురినీ ఏడిపించే హక్కు. నరేంద్ర ఆ హక్కును దయాదాక్షిణ్యం లేకుండా వాడుకునేవాడు.

పోయిన ఏడాది కోత మిషన్ నరేంద్ర కుడిచేతి మీదికొచ్చింది. బొటనవేలు, చూపుడువేలు పోయాయి. చేతికి ఉండాల్సిన ఇనప తొడుగు గోడకున్న మేకుకు వేలాడుతూనే ఉంది. తొందర పని మరి. ఎవరిని తిట్టి ఏం లాభం? జీన్స్ కుట్టే యూనిట్ వాళ్ళు అతన్ని గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టారు.

గాయం మానాక ఒక ఆదివారం వచ్చాడు. ఎడమచేత్తో ముక్కలు పట్టుకుంటే గుండీలు ఎత్తడానికి కుడిచెయ్యే మిగిలింది. చాపకు అతుక్కున్న గుండీ మిగిలిన వేళ్ళకు అందలేదు. ముక్కలు కింద పెట్టి ఎడమచేత్తో పందెం తోశాడు. ఎడమచేత్తో వేసిన పందెం కలిసిరాదని ఆ నలుగురికీ పట్టింపు. గురప్ప జాలిపడి, "నేనేస్తాలేప్పా" అని అతని గుండీలు తనే తోశాడు. నరేంద్ర ఆ ఆట ముగించి లేచాడు.

"ఇంగ నేను ఆడనన్నా. మీరాడుకోండి."

మళ్ళీ రాలేదు. గేటు దగ్గర ఎదురైనా కుడిచెయ్యి జేబులోంచి తీసేవాడు కాడు. బాబావలి రోజూ ఏదో ఒకటి చెబుదామని దగ్గరికి పోవడం, "తిన్నావా" అని అడిగి వచ్చేయడం. తన చేతగానితనం మీద తనకే మంట పుట్టేది.

నోటితో కానిది చేత్తో మొదలుపెట్టాడు. కోతలో మిగిలిన గుడ్డముక్కలు ఇంటికి తెచ్చి, పొర మీద పొర బంకతో అతికించి, పైన గుండురాయి పెట్టాడు. ఎండకు ఆరి చెక్కలా గట్టిపడ్డాక, అంచు సానబెట్టించిన ఇనప గొట్టంతో సుత్తిదెబ్బ వేసి, గుండీలకు బదులుగా పందెం బిళ్ళలు తీశాడు. విలువ తెలియడానికి వాటి మీద పసుప్పచ్చ దారంతో గీతలు కుట్టాడు. తర్వాత తన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మడిచి గుడ్డతో కట్టుకుని, బిళ్ళ ఎత్తడానికి కూర్చున్నాడు. జారిపోయింది. ఇంకా మందంగా చేశాడు. మళ్ళీ జారింది.

టీ తెచ్చిన భార్య మస్తానాబీ ఆ కట్టు చూసి హడలిపోయింది. "ఏమయ్యా, నీక్కూడా తెగిందా?"

"లేదులే. వాని చెయ్యి ఎట్ల పనిచేస్తాదో చూస్తాండా."

ఆమె టీ గ్లాసు అతని ఎడమచేతి వైపు పెట్టి లోపలికి పోయింది. మరునాడు తయారైన మందపాటి బిళ్ళ మధ్యవేలికీ ఉంగరపువేలికీ నడుమ ఇరుక్కుని పైకి లేచింది.

ఆదివారం బాబావలి గేటు దగ్గరికి వెళ్ళి ఒక బిళ్ళను నరేంద్ర ముందు బల్ల మీద పెట్టాడు. "ఎత్తు చూద్దాం" అన్నాడు. నరేంద్ర జేబులోంచి చెయ్యి తీశాడు.

ఆ సాయంత్రం ఆట మొదలైంది. మే నెల ఉక్క, అందరికీ చేతులు చెమటలు. కాసేపటికి అనిల్ కుమార్ తన వేళ్ళు చూసుకుని, "ఏంటన్నా ఇది?" అన్నాడు. నలుగురి చేతులూ నీలం. ఉతకని గుడ్డ రంగు దిగుతుందని ఊళ్ళో చిన్నపిల్లలకైనా తెలుసు. కానీ కోతగదిలో ఉతికిన గుడ్డ ఎవరు చూశారు? ఉతుకు కుట్టు తర్వాతి పని. బాబావలికి తల కొట్టేసినట్టయింది. బిళ్ళలన్నీ ఊడ్చి సంచిలో వెయ్యబోయాడు.

"ఉండనీ" అన్నాడు నరేంద్ర. తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. బల్ల మీద కోసినన్నాళ్ళూ ఆ చేతులకు ఈ నీలమే ఉండేది. గేటు పనికి పోయినప్పటినుంచి అవి తెల్లగా, ఎవరివో అన్నట్టు ఉండేవి. "ఉండనీ అన్నా. ఆడు."

ఆట ముదిరింది. నరేంద్ర తన బిళ్ళలన్నీ ఒక్కొక్కటే ఎత్తి మధ్యలో పేర్చాడు. గురప్ప, అనిల్ తప్పుకున్నారు. బాబావలి చేతిలో మూడు రాజులు. ఓడితే వీడు మళ్ళీ గడప తొక్కుతాడా? ముక్కలు బోర్లిద్దామని చెయ్యి కదిలించాడు.

నరేంద్ర కళ్ళెర్రజేశాడు. "ఏమన్నా, నీ ముక్కలు చూసి ఆడతాండావా, నా చెయ్యి చూసి ఆడతాండావా?"

బాబావలి సిగ్గుతో చచ్చిపోయాడు. రాజులను తిప్పి పరిచాడు. నరేంద్రకు రెండే జతలు. ఓడిపోయాడు.

ముందుగా ఓడినవాడు ఆ పూట మిగతావాళ్ళకు ముక్కలు పంచాలి. అది ఆ ఇంటి కట్టుబాటు. గురప్ప మొహమాటంగా పేకకట్ట అందుకోబోతే నరేంద్ర లాగేసుకున్నాడు. ఎడమచేతిలో కట్ట పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్ళ సందున ఒక్కో ముక్కా లాగాడు. నాలుగు ముక్కలు జారి చాప మీద చెల్లాచెదురయ్యాయి. ఎవరూ వంగలేదు. బాబావలి ఒళ్ళో చేతులు బిగబట్టుకుని కూర్చున్నాడు. నరేంద్ర తిట్టుకుంటూ ఒక్కొక్కటీ ఏరుకుని, మళ్ళీ కలిపి, మొదటి ముక్క బాబావలి ముందుకు విసిరాడు.