రేడియోఅక్క సర్దిన బల్ల

రేవు ఆఫీసులో అందరూ ఆమెను రేడియోఅక్క అనే పిలుస్తారు. పాత సెట్లు విప్పి బిగించే మేనమామ దగ్గర పని నేర్చుకుంది. ఇప్పుడు ఆ సెట్లు లేవు. మేడమీది యాంటెన్నా పట్టిన సంకేతాన్ని అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఒకటి కంప్యూటర్‌కి పంపుతుంది, అందులోని ప్రోగ్రాం దాన్ని విప్పి చదువుతుంది.

సముద్రంలోకి వెళ్లే ప్రతి పడవలోనూ ఆపద వస్తే కబురు పంపే బీకన్ ఉండాలి. దాని నంబరు ఈ తెరమీద కనిపిస్తేనే పడవకు అనుమతి. నిన్న పాతిక పడవలు పాసయ్యాయి. మిగిలింది ఆమె తమ్ముడి పడవ. ఇవాళ నాలుగింటి గడువు దాటితే మళ్లీ నెల దాకా పరీక్ష లేదు, పడవ ఒడ్డునే.

పొద్దున్నించి తమ్ముడు బీకన్ మీట నొక్కుతూనే ఉన్నాడు. తెరమీద నంబరు రాదు, ముక్కలు చెక్కలైన అంకెలు వస్తాయి. అడుగున ‘ఓ’ అక్షరాలు చీమల్లా బారులు తీరుతాయి. పెట్టె పంపేది కంప్యూటర్ అందుకోలేక జారవిడిచినప్పుడల్లా ఒక ‘ఓ’ పడుతుంది.

“పాతిక మందివీ బాగున్నాయి, నాదే చెడిపోయిందా?”

“నోరు మూసుకుని నొక్కరా!”

మేడెక్కి యాంటెన్నా బిగించింది. ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించింది. కంప్యూటర్‌ని మూడుసార్లు ఆపి మళ్లీ వేసింది. ‘ఓ’లు తగ్గలేదు. చెమటతో జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. చివరికి మేనమామకి ఫోను చేసింది.

“నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మార్చావే?”

“ఏమీ మార్చలేదు మావయ్యా. ఒట్టు!”

“ఏమీ మార్చకపోతే ఏమీ చెడదు. మళ్లీ ఆలోచించు.”

ఫోను పెట్టేసి తల పట్టుకుంది. మూడూ నలభై.

“నీ కోపం సంగతేమో గానీ, నా ఫోను మాత్రం చక్కగా ఛార్జవుతోంది” అన్నాడు తమ్ముడు.

“ఎక్కడ పెట్టావు?”

“కంప్యూటర్ ముందున్న ఆ నీలం రంధ్రంలో. నిన్న పెట్టబోతే చేతిమీద కొట్టావు, ఇవాళ ఖాళీగా ఉంది కదాని...”

ఆమె చప్పున లేచింది. నీలం రంధ్రం పెట్టె తీగది, వేగంగా పోయే దారి. ఇవాళ అనుమతులు ఇచ్చే పెద్దసారు వస్తాడని నిన్న సాయంత్రం తీగలన్నీ జడ అల్లినట్టు అల్లి, కట్టలు కట్టి, వెనక్కి తోసింది. అందంగా ఉండాలని పెట్టె తీగనూ వెనకనున్న నల్ల రంధ్రంలో గుచ్చింది. అది నెమ్మది దారి. బిందెడు నీళ్లు సన్నమూతి సీసాలో ఒక్కసారిగా కుమ్మరిస్తే ఎంత లోపలికి పోతాయి? బల్ల సర్దడం మార్చడం కిందికి వస్తుందని ఆమెకు తట్టనే లేదు.

కత్తెరతో కట్టలన్నీ తెంపింది. ఫోను పీకి తమ్ముడి ఒళ్లో పడేసి, పెట్టె తీగ నీలం రంధ్రంలో పెట్టి, ప్రోగ్రాం మళ్లీ నడిపింది.

“నొక్కు!”

నొక్కాడు. నంబరు వచ్చింది. పొల్లు పోకుండా, మొత్తం. ఒక్క ‘ఓ’ లేదు. మూడూ యాభై రెండు.

అప్పుడే పెద్దసారు తలుపు తోసుకుని వచ్చాడు. తెర చూసి అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు. తర్వాత బల్ల చూసి మొహం చిట్లించాడు.

“ఏంటమ్మా ఇది, తీగలన్నీ అడవిలా? కాస్త సర్దుకోకూడదూ?”

తమ్ముడు కాగితం అందుకుని, నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

“సర్దాకే సార్” అంది రేడియోఅక్క, “ఇలా అయ్యింది.”