మా పిల్లల మాట మాకు చెప్పని టీచరమ్మ

మా సండే స్కూల్ టీచరమ్మ పోయారు. రాయదుర్గంలో ఆఫీసు మీటింగులో ఉండగా చర్చి వాట్సాప్ గ్రూపులో పాస్టరుగారి మెసేజి వచ్చింది. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందట, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రభునందు నిద్రించారట. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఎదురుగా తెరమీద ఎవరో ఏదో గ్రాఫు చూపిస్తున్నారు. నాకు మొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారో తిడతారో తెలియదు. అయ్యో, పెద్దావిడ పోయిందే అనుకోలేదు. ఇక మా అమ్మాయితో ఎవరు మాట్లాడతారు అనుకున్నాను.

మా అమ్మాయికి పదహారేళ్ళు, ఇంటర్ చదువుతోంది. నోరులేని పిల్లేం కాదు. స్నేహితురాళ్ళతో ఫోన్లో మాట్లాడుతుంటే పక్క ఫ్లాటువాళ్ళకు కూడా కాలక్షేపం. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊ, తెలీదు, తర్వాత. ఈ వయసు పిల్లలున్న వాళ్ళకి ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు. దేవుని సంగతి ఎత్తితే ఆ ఊ కూడా ఉండదు.

టీచరమ్మది మెదక్ వైపు. సర్కారు బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యాక లింగంపల్లిలో ఉండేవారు. మా చర్చి పుప్పాలగూడలో ఒక హార్డ్‌వేర్ దుకాణం పైన, కిరాయి హాలులో నడుస్తుంది. ఆదివారం రెండు బస్సులు మారి అందరికంటే ముందు వచ్చేది ఆవిడే. పెద్ద పిల్లల క్లాసు ఆవిడది. క్లాసు మొదలవగానే చేతి గడియారం విప్పి సంచిలో వేసేసుకునేవారు. ఎందుకండీ అంటే, "నేను గడియారం దిక్కు సూస్తె పిల్లలు మాట మింగేస్తరు" అన్నారు. ఆ సంచిలో ఎప్పుడూ ఏదో ఒక కూర ఉండేది. గోంగూరో, చిక్కుడుకాయలో. బైబిల్ వాక్యం చెబుతూనే ఈనెలు తీసేవారు. పిల్లల ముందు కూడా ఒక కుప్ప పోసేవారు.

పిల్లల తల్లిదండ్రులం అందరం కలిసి ఒకసారి ఆవిడ దగ్గరికి మొర పెట్టుకోవడానికి వెళ్ళాం. మా పిల్లలకు కాస్త భక్తి, కాస్త నడత చెప్పండి టీచరమ్మా, మా మాట వినడం లేదు అని. ఆవిడ మమ్మల్నందరినీ చాప మీద కూర్చోబెట్టి, చర్చిలో అందరికీ పెట్టే ప్రేమ విందుకని తెచ్చిన చిక్కుడుకాయల బస్తా మధ్యలో గుమ్మరించారు. "ముందు గివి ఒలవండ్రి" అన్నారు. టై కట్టుకున్న బ్యాంకు బ్రదరూ, నేనూ, పాస్టరమ్మగారూ అందరం ఒలిచాం. కాసేపటికి ఎవరూ అడగకుండానే బ్యాంకు బ్రదర్ తన కొడుకు సంగతి చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"సూసిన్రా, చేతులకు పని జెప్తె నోరు దానంతటదే తెరుసుకుంటది. బిడ్డల్ని ఎదురుంగ కూసోబెట్టుకోకుండ్రి. ఎదురుంగ కూసోబెట్టి అడిగెటోడు పోలీసాయన. మీరు పక్కకు కూసోండ్రి" అన్నారు టీచరమ్మ.

అలా నెలకోసారి మా క్లాసు మొదలైంది. ఒకరోజు నన్ను మా అమ్మాయిననుకోమన్నారు, బ్యాంకు బ్రదర్‌ను నాన్ననుకోమన్నారు. నేను గొంతు సన్నం చేసి, "నాన్నా, నాకు చర్చికి రావాలని లేదు" అన్నాను. అందరూ నవ్వారు. బ్యాంకు బ్రదర్ మాత్రం నిజంగానే అందుకున్నాడు. బైబిల్లోంచి ఒక వచనం చెప్పాడు, దాని మీద ఇంకో వచనం చెప్పాడు, అదీ చాలక ఫోన్ లాక్కుంటానన్నాడు.

టీచరమ్మ నవ్వలేదు. "నీకేమనిపించింది కొడుకా?" అని నన్ను అడిగారు.

"లేచి వెళ్ళిపోవాలనిపించిందండీ" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే ఒళ్ళు మండింది.

"గంతే. వచనం తినే రొట్టె. రాయి లెక్క ఇసిరితె బిడ్డకు దెబ్బ తాకుతది, కడుపు నిండది. అడిగిందానికి జవాబు తెల్వకుంటే తెల్వదనుండ్రి. దేవుడేం మీ మీద ఆధారపడి లేడు."

నడత సంగతి ఎవరో ఎత్తితే, "వాచ్‌మన్‌తోని, పనిమనిషితోని మీరెట్ల మాట్లాడుతున్నరో ఇంట్ల బిడ్డలు రోజూ సూస్తనే ఉన్నరు. గా క్లాసు నడుస్తనే ఉన్నది, మళ్ళ నేనేం జెప్పాలె" అన్నారు.

ఇదంతా బాగానే ఉంది. మా ఇంట్లో అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నప్పుడు, సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా అమ్మాయి వంతు వచ్చింది. పిల్ల "నాకు చెప్పడానికేం లేదు" అంది. విసురుగా కాదు, మామూలుగానే అంది. మా అత్తగారు గుండె బాదుకున్నంత పని చేశారు. ఆవిడకు మనవరాలంటే ప్రాణం. ఆ ప్రాణంతోనే తన ప్రార్థన గ్రూపులో పెట్టేశారు: మనవరాలు విశ్వాసంలో చల్లారిపోయింది, దయచేసి భారంతో ప్రార్థించండి అని. గుంటూరు గ్రూపులో బయలుదేరిన మెసేజి ఏయే ఊళ్ళు తిరిగిందో గానీ ఆదివారానికల్లా పుప్పాలగూడ చేరింది. చర్చి మెట్ల దగ్గర ఒక చిన్నపిల్ల మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, "అక్కా, మా అమ్మా నేనూ మీ కోసం ప్రార్థన చేస్తున్నాం" అంది. మా అమ్మాయి ఆ మెట్ల మీదనుంచే వెనక్కి తిరిగింది. మళ్ళీ చర్చికి రాలేదు.

అత్తగారు క్షమించమని ఎంతో బతిమాలారు. పిల్ల పరవాలేదు అమ్మమ్మా అంది, గదిలోకి వెళ్ళిపోయింది. మన చర్చివాళ్ళ మధ్య ఇదొక వింత. మన అప్పులూ, మన కోపాలూ దాచుకుంటాం గానీ, పిల్లల సంగతి మాత్రం ప్రార్థన విన్నపమనే పేరుతో మైకులో చెప్పేస్తాం. పాపం, ప్రేమతోనే చెబుతాం. టీచరమ్మ ముందునుంచీ మొత్తుకునేవారు, "నీ బిడ్డ గురించి దేవునికి జెప్పు, ఊరికి జెప్పకు" అని.

తర్వాతి శనివారం ఆవిడే మా ఇంటికి వచ్చారు. అమ్మాయిని పిలవలేదు. దాని గది గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, గోంగూర తుంచుతూ మా ఆవిడతో ఊరి కబుర్లు మొదలుపెట్టారు. రెండో శనివారమూ అంతే. ఆ తర్వాత ఒక వారం నేను బజారు నుంచి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు, మధ్యలో ఆకు కుప్ప. మా అమ్మాయి ఏదో చెబుతోంది. నన్ను చూసి ఆపేసింది. ఆ సాయంత్రం నాకు ఎన్నడూ లేని దాహం వేసింది. నీళ్ళకని ఎన్నిసార్లు అటు తిరిగానో, ఒక్క ముక్క చెవిన పడలేదు.

బస్సు స్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్ళి అడిగాను. "ఏం చెప్పిందండీ?"

"గోంగూర పుల్లగున్నదని జెప్పింది."

"అది కాదండీ, దేవుని విషయం..."

"నాకు జెప్పింది నాకే జెప్పింది కొడుకా. నీకు గావాల్నంటె నువ్వడుగు."

"అడిగితే చెప్పదండీ."

"అడుగుతున్నవా, దబాయిస్తున్నవా?"

నాకు కోపం వచ్చింది. కన్న తండ్రిని నేను, ఎక్కడో లింగంపల్లి నుంచి వచ్చే మనిషికి తెలిసింది నాకు తెలియకూడదా? మా ఆవిడ అయితే ఒకసారి ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. అప్పుడు మాత్రం టీచరమ్మ కాస్త మెత్తబడి, "గిదొక్కటి జెప్త. మీ పిల్ల అబద్ధపు ప్రార్థన చెయ్యలేక గమ్మునున్నది. నోటికొచ్చింది సదివే పిల్లకంటె గీ పిల్ల నయం. ఇగ ఫికర్ జెయ్యకుండ్రి" అన్నారు. అంతకుమించి ఒక్క మాట రాలేదు.

ఇంకోసారి బస్సు ఆలస్యమైంది. అడగకుండానే తన కొడుకు సంగతి చెప్పారు. "మావోడు చర్చి మెట్టెక్కక ఏండ్లయితున్నది. వానికి నేను మస్తు బోధించిన. పంతులమ్మను గద, నోరు ఆగకపోయేది. ఇప్పుడు పండుగకు ఫోన్ జేస్తె నీ పానం ఎట్లున్నదని అడుగుతడు, నా పానం మంచిగున్నదని నేనంట. గంతే మా ముచ్చట."

"ఇప్పుడు మాకు చెప్పినట్టు ఆయనతో పక్కన కూర్చుని మాట్లాడలేకపోయారా?" అన్నాను.

"కూసున్న. లేటయింది" అన్నారు. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయారు. ఆవిడకు ఈ విద్య ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. తెలిశాక కోపం పోయింది గానీ భయం పట్టుకుంది. ఈవిడకే లేటయితే మనమెంత?

టీచరమ్మ పోయారన్న మెసేజి వచ్చిన రోజు మీటింగు మధ్యలోనే లేచి ఇంటికి వెళ్ళాను. ఎలా చెప్పాలో దారంతా, లిఫ్టులో కూడా, మాటలు కూర్చుకున్నాను. అమ్మాయి వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉంది. నేను నోరు తెరవకముందే "తెలుసు నాన్నా" అంది.

"మాట్లాడాలని ఉంటే..."

"లేదు."

ఆవిడ నేర్పిన విద్య గుర్తొచ్చి ఫ్రిజ్‌లోంచి చిక్కుడుకాయలు తీసి, కింద కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను. పక్కన చోటు వదిలాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. మా అమ్మాయి ఆ కాయల వంక చూసింది, నా వంక చూసింది, గదిలోకి వెళ్ళి మెల్లిగా తలుపు వేసుకుంది. నేను ఆ కాయలన్నీ ఒక్కణ్ణే ఒలిచాను.

భూస్థాపన మర్నాడు. మా వైపు సమాధికి చోటు దొరకడం కష్టం. ఆవిడ భర్తను పెట్టిన చోటే, నగరం నడుమ ఉన్న పాత సమాధుల తోటలో, ఆయన సమాధి తవ్వి ఆవిడనూ పెట్టారు. వస్తానని మా అమ్మాయి తనంతట తనే అంది. టీచరమ్మ కొడుకు వచ్చాడు. ఆవిడ ముక్కే అతనిదీ. పాట పాడుతున్నంతసేపూ పెదవి కదపకుండా తల వంచుకుని నిలబడ్డాడు. తల్లిదండ్రులం అందరం ఏడ్చాం. ఆవిడ కోసమే ఏడ్చామని చెప్పుకోవాలని ఉంది గానీ, సగం మా కోసమే. పిల్లల క్లాసు ఇక ఎవరు తీసుకుంటారు అని పాస్టరుగారు అడిగారు. ఆయన నా వైపు చూశారు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను.

ఒక్కొక్కరే వంగి గుప్పెడు మన్ను తీసి గుంటలో వేశాం. మా అమ్మాయి కూడా వంగడం చూశాను. అప్పటికి నా కళ్ళకేమీ సరిగా కనబడడం లేదు.

మా ఆవిడ చర్చి ఆడవాళ్ళతో టీచరమ్మ ఇంటికి వెళ్ళింది. మేమిద్దరం మెట్రో స్టేషనుకు ఆటో ఎక్కాం. అమ్మాయి కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పిడికిలి బిగించి కూర్చుంది. నా మీద కోపమేమో అనుకున్నాను. దేనికో తెలియదు, దేనికైనా కావచ్చు. "ఏమన్నా తింటావా తల్లీ?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆవిడ ఉంటే ఈ మాట అడగడమూ తప్పే అనేవారేమో, కాదనేవారేమో. ఇక అడగడానికి ఎవరున్నారు?

స్టేషనులో తనిఖీ దగ్గర మగవాళ్ళ వరుస వేరు, ఆడవాళ్ళ వరుస వేరు. ఆడవాళ్ళకు తెర ఉంటుంది. అమ్మాయి సంచి బెల్టు మీద పెట్టి ఆ తెర వెనక్కి వెళ్ళింది. నేను ఇటు దాటాను. అప్పుడు తెర వెనకనుంచి ఆడ గార్డు గొంతు వినిపించింది.

"చెయ్యి తెరువు బిడ్డా. ఏందిది?"

"మట్టి."

"మట్టేంది తల్లీ, గిట్ల పట్టుకొచ్చినవ్? పారెయ్."

గార్డమ్మ గొంతు తగ్గింది. "ఎవలన్న పోయిన్రా?"

"మా టీచర్."

"మరి గుంతల ఎయ్యలేదేందమ్మా?"

"వేస్తే అయిపోతుంది కదా ఆంటీ" అంది మా అమ్మాయి. "నేను చెప్పినవన్నీ ఆమెకొక్కదానికే తెలుసు."

ఆ తర్వాత వినిపించింది ఏడుపు. చిన్నప్పుడు పడిపోయినప్పుడు ఏడ్చేదే, అలాంటి ఏడుపు. మా ఇంట్లో ఎన్నేళ్ళుగానో వినలేదు. "ఏడువు తల్లీ, ఏడువు. జరసేపు లైను ఆగితె ఏం గాదు" అంటోంది గార్డమ్మ. వరుసలో ఉన్న ఆడవాళ్ళెవరూ విసుక్కోలేదు.

పిలుద్దామని నోరు తెరిచాను. పిలిచి ఏం చెప్పాలి? బెల్టు మీదనుంచి దాని సంచి వచ్చి నా ముందు ఆగింది, తీసుకున్నాను. "సార్, ముంగటికి జరుగుండ్రి" అన్నాడు మగ గార్డు. ఆ తెర దాటి మగవాళ్ళు వెళ్ళకూడదు. నేను మా అమ్మాయి సంచి రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.