దీర్ఘం లేని ములుగుడు

మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, పోయిన మంగళవారం చనిపోయాడు. నేను కరీంనగర్‌లో క్లాసులో ఉండగా బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, పెద్దబాపు పోయిండు. బస్సెక్కు." "సరే" అన్నాను. దొరికిన ప్రతి కొత్త మాటనూ నోటుబుక్కులో రాసుకునే నాకు ఆ రోజు ఆ ఒక్క మాటే వచ్చింది.

నాకు మాటల పిచ్చి పట్టించింది పెద్దబాపే. చొప్పదండిలో నలభై ఏళ్లు కార్ల కరెంటు పని చేశాడు. ఎవరైనా బండి స్టార్టవక వచ్చి "సెల్ఫ్ స్లో ఉంది" అంటే ఒప్పుకునేవాడు కాదు.

"స్లో అంటే ఏంది? మూలుగుతుందా, నసుగుతుందా, టక్కుమని ఊకుంటుందా? అదేమన్నదో గట్లనే జెప్పు."

వాళ్లు చెప్పిన మాటను షెడ్డు గోడ మీద సుద్దతో రాసేవాడు. లోపం దొరికాక పక్కన కారణం రాసేవాడు. "నసుగుడు – బ్యాటరి." దీర్ఘాలు సగం ఉండేవి కావు. నేను దిద్దబోతే నవ్వేవాడు. "నీ దీర్ఘంతోని బండి స్టార్టయితదా?"

ఆయన సొంత కారు, పాత తెల్లది, ఆరేళ్లుగా ఆ షెడ్డులోనే ఉంది. క్రిస్మస్‌కు తన భార్యను, మా పెద్దవ్వను, అందులోనే చర్చికి తీసుకుపోతానని మాటిచ్చాడు. నా సెలవుల్లో ఇద్దరం పని మొదలుపెట్టాం. పెట్రోలు మార్చాం, కొత్త బ్యాటరీ వేశాం. సెల్ఫ్ మాత్రం బరువుగా మూలిగింది.

"లైట్లు జూసినవా? జర్రంత సుత తగ్గలే. బ్యాటరీని తిట్టకు. కరెంటు పోయే తొవ్వ అందరు జూస్తరు, తిరిగొచ్చే తొవ్వ ఎవ్వలు జూడరు. రేపు జూద్దాం" అన్నాడు పెద్దబాపు.

ఆ మరునాడే ఆయన్ను ఆసుపత్రిలో చేర్చారు. గోడ మీద చివరి వరుస అలాగే ఉండిపోయింది: "ములుగుడు –". పక్కన ఖాళీ.

సమాధి చేసిన మూడో రోజు పెద్దవ్వ కారు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"ఏడ్వవు, తినవు. పోయి గా పనన్న జెయ్యి. క్రిస్మస్‌కు నేను ఆటోల పోను."

తాళం తిప్పాను. మూలిగింది. మళ్లీ మళ్లీ తిప్పి, చోక్ లాగబోతే ఇంజను దాకా పోయే దాని ఇనుప తీగ చేతికి వేడిగా తగిలింది. వంగి చూస్తే, ఇంజనుకూ బాడీకీ మధ్య కరెంటు తిరిగొచ్చే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంది. దారి లేక కరెంటు ఆ సన్న తీగ పట్టుకుని తిరిగొస్తోంది. పట్టీ విప్పి, మెరిసేదాకా రుద్ది, బిగించాను.

తాళం తిప్పితే ఈసారి మూలగలేదు. షెడ్డంతా పొగ.

పెద్దవ్వ వాకిట్లోంచి అచ్చం ఆయనలాగే అడిగింది. "ఏమన్నది?"

మాట కోసం వెతికాను. "స్టార్టయింది" అన్నాను.

"గది నాకు ఇనవడ్తలేదా?"

కారు ఆపకుండానే గోడ దగ్గరికి వెళ్లి, ఆ ఖాళీలో "ఎర్త్" అని రాశాను. ఆయన "ములుగుడు"ను దిద్దలేదు. ఇంజను అదురుకు ఆ అక్షరాల నుంచి సుద్దపొడి కొంచెం కొంచెంగా రాలుతోంది.