పదోవాడు

దుషాంబే మంగలి పింఖాస్ గడ్డాలు గీస్తూ ఊరందరి గుట్టూ ఆరా తీశాడు గానీ, తనవాళ్ళు ఒక్కొక్కరే ఊరొదిలి పోతుంటే పట్టించుకోలేదు. తీరా తల్లి చనిపోయేసరికి ఊళ్ళో పదిమంది యూదు మగవాళ్ళు కరువయ్యారు. పదిమంది లేనిదే కద్దీష్ చదవకూడదు. పోయిన తల్లి కోసం కొడుకు చదవాల్సిన ప్రార్థన అది. ఏళ్ళు గడిచినా ఆ బాకీ తీరలేదు.

ఒక వేసవిలో సమర్‌ఖండ్ నుంచి కొండలెక్కే యూదుల జట్టు వచ్చింది. శుక్రవారం పొద్దుగుంకగానే మొదలయ్యే సబాత్ విశ్రాంతి దినాన్ని వాళ్ళు కొండల్లోనే గడుపుతారు. జట్టులో ఒకడికి జ్వరం తగిలి, తొమ్మిదిమందే మిగిలారు. ఆ శుక్రవారమే తల్లి తిథి. పింఖాస్ కత్తెర గోడకు తగిలించి వాళ్ళతో బయలుదేరాడు.

"మామా, ఈ బొజ్జతో నువ్వు కొండెక్కుతావా, కొండనే కిందికి పిలవాలా?" అన్నాడు అమ్నూన్ అనే నోటిదురుసు కుర్రాడు.

"నీ గడ్డం నా కత్తికి చిక్కకపోదురా. అప్పుడు చెబుతా."

యూదులు మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టరు, కీడని. జట్టు పెద్ద నేర్యా పదిమాటల శ్లోకం చదువుతూ, తనతో మొదలుపెట్టి మాటకొక భుజం తట్టాడు. పదో మాట పింఖాస్ భుజం మీద పడింది. అతను తడిసిన కళ్ళు దాచుకోవడానికి చెప్పుల వార్లు బిగించుకున్నాడు.

సాయంత్రానికి ఏటి ఒడ్డున గుడారాలు లేచాయి, పొయ్యి మీదికి సబాత్ అన్నం కుండ ఎక్కింది. చేతులు కడుక్కోబోయిన పింఖాస్ ఆగిపోయాడు. పొద్దున దిగువన దాటినప్పుడు మోకాలెత్తున పారిన నీళ్ళు చీలమండ కూడా దాటడం లేదు. ఎండకు మంచు కరిగాక ఏరు పొంగాలి గానీ చిక్కడమేమిటి? ఎగువన ఏదో కూలి నీటికి అడ్డుపడింది. ఆ గట్టు తెగిందా, ఈ ఒడ్డు ఉండదు. "ఏరు సన్నబడితే మూట కూడా కట్టకు, కొండెక్కు" అని చిన్నప్పుడు చెప్పింది తల్లే.

చెబితే తలోదిక్కుకు పరుగెడతారు. మళ్ళీ ఈ పదిమంది ఎప్పుడు కూడతారు? కద్దీష్ కాగానే చెబుదాంలే అనుకున్నాడు. మూర్ఖుడికి ఆశ పుడితే కళ్ళెదుటి ఏరు కూడా కనబడదు.

ప్రార్థన సాగింది. అతని వెనక ఏటిరాళ్ళు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. పక్షులు అరవడం మానేశాయి. కద్దీష్ చదివాడు. తొమ్మిది గొంతులు ఆమేన్ అన్నాయి. ఆ చివరి ఆమేన్‌తో పాటే లోయలోంచి పచ్చి మట్టివాసన వచ్చింది.

"అన్నీ వదిలేయండి. పైకెక్కండి, ఏరు ఎండిపోతోంది" అని అరిచాడు పింఖాస్.

వాళ్ళు రాళ్ళు పట్టుకుని పాకుతుండగా కింద లోయంతా రొదపెట్టింది. గుడారాలు, కుండ, పొయ్యి, అన్నీ బురదలో కలిశాయి. మసకలో నేర్యా మళ్ళీ శ్లోకం మొదలుపెట్టాడు. తొమ్మిదో మాటయ్యాక చెయ్యి గాలిలో నిలిచిపోయింది. పదో మాటకు భుజం లేదు.

కింద పొదల్లోంచి ఎవరో ఆ పదో మాట పలికారు. అమ్నూన్. కుండ కోసం వెనక్కి తిరిగి కాలు విరగ్గొట్టుకున్నాడు.

అతన్ని పైకి లాగాక నేర్యా అడిగాడు: "నీళ్ళు తగ్గడం ఎప్పుడు చూశావు, పింఖాస్?"

"ప్రార్థనకు ముందే."

"ప్రాణం కోసం సబాత్‌నే పక్కన పెడతాంగదయ్యా. నీ కద్దీష్ ఎంత?"

తెల్లారి ప్రార్థనకు మళ్ళీ పదిమంది కావాలి. నేర్యా శ్లోకం చదువుతూ భుజాలు తట్టుకుంటూ వచ్చాడు. పదో మాట పింఖాస్ దగ్గర పలికాడు గానీ, చెయ్యి మాత్రం ఆనించలేదు.