నాయనమ్మ ఒప్పుకోని పెళ్ళిళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు కేలండర్లు ఉండేవి. ఒకటి గోడకి తగిలించింది, అందరిళ్ళలో ఉండేలాంటిదే. రెండోది మా నాయనమ్మ నోట్లో ఉండేది. మేం బహాయీలం, ఇరాన్‌లో పుట్టిన ధర్మం మాది. మా లెక్కలో నెలంటే పందొమ్మిది రోజులు. నెల మొదలైన రోజున అందరం ఒక ఇంట్లో చేరి ప్రార్థనలు చదువుకుని, సంగతులు మాట్లాడుకుని, కలిసి తినాలి. దాన్ని విందు అంటాం. విజయవాడ సత్యనారాయణపురంలో అప్పట్లో మా ఇంటి ముందు నుంచే రైలు పట్టాలు పోయేవి. గూడ్సు బండి వచ్చిందంటే ప్రార్థన చదివేవాళ్ళు ఆగిపోయి, ఆఖరి పెట్టె దాటాక మళ్ళీ అదే మాట దగ్గర అందుకునేవాళ్ళు. దేవుడికి కూడా ఆ బండి వేళలు తెలుసని మా నాయనమ్మ అనేది.

ఆ ఇంట్లో నాయనమ్మ, అమ్మా నాన్నా, నేను, మా బాబాయ్ ఉండేవాళ్ళం. తాతయ్య నేను పుట్టకముందే పోయారు. బాబాయ్‌కి రైల్వేలో ఉద్యోగం. చక్కని మనిషి, మెత్తని మాట, చొక్కా మడత నలగనిచ్చేవాడు కాదు. అలాంటివాడికి ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదంటే చుట్టాలకి నిద్ర పట్టేది కాదు. అందరికంటే ఎక్కువ నిద్ర పట్టనిది మా మేనత్తకి. ఆవిడ తమ్ముడి కోసం కృష్ణా జిల్లాలో వెతకని ఊరు లేదు.

ఇక్కడ మా పెళ్ళిళ్ళ పద్ధతి కాస్త చెప్పాలి. మాలో అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ మనస్ఫూర్తిగా ఇష్టపడాలి. ఆ తర్వాత రెండు వైపులా బతికున్న తల్లిదండ్రులందరూ సమ్మతించాలి. నలుగురుంటే నలుగురూ. ఒక్కరు కాదన్నా పెళ్ళి లేదు, ఎందుకు కాదన్నావని నిలదీసే హక్కు కూడా ఎవరికీ లేదు. మేనత్త సంబంధం తెచ్చినప్పుడల్లా బాబాయ్ తలొంచుకుని, అమ్మ సరేనంటే నాకూ సరే అనేవాడు. ఎంత బుద్ధిమంతుడో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. నాయనమ్మ మాత్రం సరే అనేది కాదు.

మొదటి సంబంధం గుడివాడ వైపుది. నాయనమ్మ చూసొచ్చి, నా మనసొప్పలేదు అంది. ఏం, ఎందుకని అత్త గట్టిగా అడిగితే, ఆ పిల్ల ఎంత పొడుగో చూశావా అని ఎదురు ప్రశ్న వేసింది. రెండో సంబంధం ఉయ్యూరుది. ఆ పిల్ల పొట్టి. ఈసారి, వాళ్ళింట్లో కాఫీ ఎంత వేడిగా ఇచ్చారో అంది. కాఫీ వేడిగా ఇవ్వక చల్లగా ఇస్తారా అని అత్త నెత్తి కొట్టుకుంది. కొడుకుని కొంగుకి కట్టేసుకుంది, కోడలొస్తే పెత్తనం పోతుందని భయం, వయసు మీద పడి చాదస్తం ముదిరింది, ఇలా ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. మనిషి లేనప్పుడు చెడుగా మాట్లాడుకోవడం మా ధర్మంలో పెద్ద తప్పు కాబట్టి మా అత్త ఆవిడ ఎదుటే అనేసేది. నాయనమ్మ తన కూరగాయలు తాను తరుక్కునేది.

మూడో సంబంధం మైలవరంది. దానికి నేనూ వెళ్ళాను. ఆ పెళ్ళికూతురే నన్ను మామిడితోటలోకి తీసుకెళ్ళి రసాలు కోసిచ్చింది, మోచేతుల దాకా కారితే తన పమిటతోనే తుడిచింది. నాకు ఆ అక్క తెగ నచ్చేసింది. పైగా మా ఇంట్లో పెళ్ళంటూ జరిగితే నాకు ఆకుపచ్చ పట్టు పరికిణీ కుట్టిస్తానని అత్త మాటిచ్చింది. తిరుగు బస్సులో నాయనమ్మ కిటికీలోంచి చూస్తూ, మైలవరంలో దోమలు ఎక్కువ సుమా అంది. నాకు ఏడుపొచ్చింది.

నేను ఆ వారమే పెద్ద పని చేశాను. నాయనమ్మకి చూపు సరిగ్గా ఆనదు, చదువూ అంతంతమాత్రం. ఆవిడ ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని. ఆవిడ కింద వంకరటింకరగా నాలుగక్షరాల సంతకం పెట్టేది. ఆ వంకరలు నాకు బాగా వచ్చేశాయి. మా ఊరి బహాయీ సభకి కార్యదర్శి ఒక బళ్ళో హెడ్మాస్టరుగారు. పెళ్ళి సమ్మతులు ఆయనకే రాసివ్వాలి. ఆయన పేర ఒక కాయితం రాశాను. మా అబ్బాయి మైలవరం పెళ్ళికి నాకు పూర్తి సమ్మతమని. ఉత్తరం మరీ చిన్నదిగా ఉందనిపించి, ఇక్కడ అందరం క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను అని చేర్చాను. ఇంకా ఖాళీ మిగిలింది. పెళ్ళికి పిల్లలకి ఆకుపచ్చ పట్టు పరికిణీలు కుట్టించవలెను అని రాసి, సంతకం గీకి, ఆయన బళ్ళో చదివే మా పక్కింటి అక్క చేతికిచ్చి పంపించాను.

తర్వాతి విందు కూడా ఎప్పటిలా మా ఇంట్లోనే. ఆ విందులకి మంగళగిరి నుంచి బాబాయ్ స్నేహితుడొకాయన బస్సులో వచ్చేవాడు. మగ్గం నేసే ఇంటివాడు. మేమాయన్ని మంగళగిరి బాబాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయన బహాయీ కాదు, అందుకని మావాళ్ళు లోపలి సంగతులు మాట్లాడుకునే వేళకి లేచి వంటింట్లోకి వెళ్ళేవాడు. ఊరికే కూర్చోలేక ఒకసారి పులిహోర కలిపాడు. అది ఎంత కుదిరిందంటే ఇక అది ఆయన పనైపోయింది. పందొమ్మిది రోజులకోసారి మా ఇంట్లో ఇంగువ వాసన వచ్చిందంటే బాబాయ్ ముఖం వెలిగిపోయేది. నాకది పులిహోర మీద ఇష్టమనే అనిపించేది.

ఆ సాయంత్రం ప్రార్థనలు అయ్యాయి. మంగళగిరి బాబాయ్ వంటింట్లోకి వెళ్ళాడు. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని, సంచీలోంచి మిఠాయి పొట్లం తీసి, శుభవార్త అన్నారు. పెద్దమ్మగారి సమ్మతి అందిందనీ, మైలవరానికి కబురు పెడదామనీ చెప్పారు. మా అత్త ఆనందంతో లేచి నిలబడింది. నేను బాబాయ్ వైపు చూశాను. పెళ్ళికొడుకులు సిగ్గుపడతారని విన్నాను గానీ ఈయన ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. అమ్మ సరేనంటే సరే అని అందరి ముందూ అన్నవాడు ఇప్పుడు ఏమనగలడు? వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నేనేదో పాడు పని చేశానని నాకు అప్పుడే తెలిసింది.

నాయనమ్మ ఆ కాయితం చదివి వినిపించమంది. హెడ్మాస్టరుగారు చదివారు. క్షేమ సమాచారం దగ్గర ఒక్క క్షణం ఆగారు. పరికిణీల దగ్గర ఆయన మీసం కదిలింది. గదిలో పాతికమంది ఉన్నారు. ఆ పాతికమందికీ అది ఎవరు రాశారో తెలిసిపోయింది. ఒక్కరు కూడా నావైపు చూడలేదు. అందరూ ఏదో పనున్నట్టు పైకప్పు వైపు చూశారు.

"ఆ కాయితం మా ఇంట్లోంచే వచ్చింది మాష్టారూ," అంది నాయనమ్మ. "నా సమ్మతి మాత్రం అందులో లేదండి. ముసలిదాన్ని, ఏమీ అనుకోకండి."

ఆయన ఆవిడని కాసేపు చూశారు, తర్వాత బాబాయ్‌ని చూశారు. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, సరేనమ్మా, మిఠాయి ఎలాగూ తెచ్చాం కదా, తినేద్దాం అన్నారు. అంతలో గూడ్సు బండి వచ్చింది. అది వెళ్ళేదాకా ఎవరూ మాట్లాడాల్సిన పని లేకపోయింది. ఆ బండిని నేను అంతగా ప్రేమించింది ఆ ఒక్క రోజే. మా అత్త మాత్రం మిఠాయి ముట్టుకోకుండా కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది.

నాయనమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. కొడుతుందనుకున్నాను. బావి గట్టు మీద కూర్చోబెట్టి, నా సంతకం నాకంటే నువ్వే బాగా పెడుతున్నావే అంది. నేను వెక్కుతూ, ఆ అక్క మంచిదనీ, నువ్వెందుకు వద్దంటున్నావనీ అడిగాను.

"మంచిది కాబట్టే. మీ బాబాయ్‌కి ఆడవాళ్ళ మీద మనసు పోదు తల్లీ. వాడి తీరంతే. ఆ పిల్లని తెచ్చి ఇద్దరి బతుకూ నేను పాడు చేయలేను."

బాబాయే వద్దని చెప్పొచ్చు కదా అన్నాను.

"వాడు వద్దంటే ఎందుకని నిలదీస్తారు. నేను వద్దంటే ముసలిదాని చాదస్తం అని ఊరుకుంటారు. చాదస్తానికి కారణాలు ఎవరూ అడగరే."

నా ముఖం కడిగి, ఎవరికీ చెప్పొద్దని కూడా అనకుండా లోపలికి తీసుకెళ్ళింది. ఆకులు వేసింది. మంగళగిరి బాబాయ్‌ని వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మా బాబాయ్ పక్కన కూర్చోబెట్టి, మొదట ఆయనకే వడ్డించింది. ప్రతి విందులోనూ అలాగే చేసేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడింది. అందరం తిన్నాం. నోరెత్తితే ఒట్టు.

పెద్దయ్యాక చాలాసార్లు ఆలోచించాను. మా ధర్మంలో పెళ్ళంటే ఆడా మగా మధ్యనే. ఆ మాట నాయనమ్మ మార్చలేదు, నేనూ మార్చలేను. అది నాకు ముల్లులా గుచ్చుకున్న రోజులున్నాయి, దాచుకోను. అదే ధర్మంలో ఎవరినీ తక్కువగా చూడొద్దనీ, ఎవరి తప్పులూ ఎంచొద్దనీ కూడా ఉంది. నాయనమ్మ తనకి దొరికిన దాన్ని గట్టిగా పట్టుకుంది. ఆ గదిలో వాళ్ళు నా తప్పుని చూడనట్టే బాబాయ్ సంగతినీ చూడనట్టు ఊరుకున్నారు. అది ఒప్పుకోవడమా అంటే పూర్తిగా కాదు. బాబాయ్ తన నోటితో తన మాట చెప్పుకోగలిగితే ఇంకా బాగుండేదని నా బాధ. కానీ ఆయన ఆకు ఎప్పుడూ ఖాళీగా లేదు, పక్కన కూర్చునే మనిషీ ఎప్పుడూ దూరం కాలేదు. ఇంకో సంగతి నాకు నవ్వు తెప్పిస్తుంది. అబద్ధమాడకూడదన్నది మా మొదటి పాఠం. నాయనమ్మ ఒక్క అబద్ధమైనా ఆడలేదు. ఆ పిల్ల నిజంగానే పొడుగు. కాఫీ నిజంగానే నోరు కాలేంత వేడి. మైలవరంలో దోమలు ఉన్న మాటా నిజమే.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. బాబాయ్‌లిద్దరికీ ఎనభై దాటాయి. మంగళగిరి బాబాయ్ ఇప్పుడు బస్సు ఎక్కలేక ఆటోలో వస్తాడు, పులిహోర మాత్రం ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. ఈ మధ్య మావాళ్ళు సంబంధాల విషయంలో నన్ను పిలుస్తున్నారు. అబ్బాయితో, అమ్మాయితో విడివిడిగా కూర్చుని, నీకు ఇష్టమేనా అని అడిగి, జవాబు కోసం తొందర పెట్టకుండా ఆగడం నా పద్ధతి. ఇష్టం లేకపోతే నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా అని కూడా అడుగుతాను. ఈ రోజుల్లో పిల్లలు చాలామంది తామే చెప్పేస్తారు, ఆ ధైర్యం చూస్తే నాకు గర్వం.

మొన్నటి విందులో ఒక కుర్రాడు చెప్పలేకపోయాడు. నేల చూస్తూ, మీరే చెప్పండి ఆంటీ, నాకింకొంచెం టైం కావాలి అన్నాడు. నేను బయటికొచ్చాను. వాళ్ళమ్మ ఆత్రంగా, ఏమైందండీ అని అడిగింది. పడక్కుర్చీలో మా బాబాయ్ కాఫీ తాగుతున్నాడు.

"ఆ పిల్ల ఎంత పొడుగో చూశారా అండీ?" అన్నాను.

ఆవిడ నోరు తెరుచుకుని, ఆంటీకి చాదస్తం మొదలైంది అని పక్కావిడతో అంది. బాబాయ్‌కి కాఫీ పొలమారింది. దగ్గుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఆగకుండా నవ్వాడు. జీవితంలో నాకు బిరుదులంటూ ఏమీ రాలేదు. వచ్చిన ఈ ఒక్కటీ మా నాయనమ్మది.