వెనక సీట్లో గుడ్ల సంచీ

మా వీధిలో ఎవరింటికి కొత్త మోటారుసైకిలు వచ్చినా, దాని వెనక సీటు మాత్రం మూలింటి అత్తయ్యది. ఆవిడ ఎవరికీ అత్తయ్య కాదు, అందరికీ అత్తయ్యే. ఇంజను వేడెక్కకముందే గేటు దగ్గర ప్రత్యక్షం. నెత్తిన అన్నం గిన్నెంత హెల్మెట్టు, మెడలో గుడ్డసంచీ, అందులో కోడిగుడ్లు. "నన్నలా బేకరీ దాకా దింపు నాయనా. గుడ్లివ్వాలి" అంటుంది. కాదందామని నోరు తెరిచేలోపే ఎక్కేసి ఉంటుంది.

ఊళ్ళోవాళ్ళ బళ్ళెక్కినంతకాలం మేడమీంచి చూసి పడీపడీ నవ్వాను. మా పిల్ల బండి కొన్నాకే నవ్వు ఆగిపోయింది. మా పిల్ల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా విరిగిన ఎముకల్ని చూసే పిల్ల, పోయిపోయి రాక్షసిలాంటి బండి తెచ్చింది. అది ఒక్కసారి గర్జిస్తే ఎదురింటి తాతగారి పళ్ళసెట్టు గ్లాసులోంచి బయటికి దూకిందని వీధంతా చెప్పుకున్నారు. మొదట చెప్పింది నేనే అనుకోండి.

"మెల్లగా వెళ్ళవే తల్లీ" అంటే వినదు. "మెల్లగా వెళ్ళేదానికైతే సైకిలు కొనుక్కునేదాన్ని కదమ్మా!" అని రయ్యిమని మాయం. అది తిరిగొచ్చేదాకా నా ప్రాణం గేటుకి వేలాడుతూ ఉండేది.

అలాంటి బండిని మొదటిరోజే ఎక్కేసింది అత్తయ్య. మలుపు తిరిగారో లేదో, కీచుమని బ్రేకు! వెనక్కొచ్చిన మా పిల్లని చూసి కెవ్వుమన్నాను. వీపంతా పచ్చసొన! బ్రేకు పడగానే అత్తయ్య ముందుకు జారిందట, మధ్యలో సంచీ నలిగి అప్పచ్చయిందట.

"నా కొత్త చొక్కా!" అని మా పిల్ల.

"నా గుడ్లు!" అని అత్తయ్య.

"మీరు గట్టిగా పట్టుకోవాలి కదా?"

"నువ్వు మెత్తగా ఆపాలి కదా?"

"కుక్క అడ్డొచ్చింది అత్తయ్యా!"

"ఆ కుక్క ఎప్పట్నుంచో రోడ్డు దాటాలా వద్దా అని ఊగుతోంది. వెనక కూర్చున్న ముసలిదాన్ని, నాక్కనిపించింది. ముందున్న నీకేమైంది?"

ఇక రాదనుకున్నాం. మర్నాడు అదే గేటు, అదే హెల్మెట్టు, కొత్త గుడ్లు. గేరు మార్చినా, గుంత దాటినా వెనకనుంచి "పగిలిందేమో చూడు!" అని ఒకటే కేక. మా పిల్ల నిద్రలో కూడా "పగల్లేదత్తయ్యా, పగల్లేదు" అని కలవరించేది. చొక్కాలు ఉతకలేక నేను చచ్చాను. తర్వాత్తర్వాత సొన మరకలు తగ్గాయి గానీ, ఆవిడ మాత్రం దిగలేదు.

ఇంతకీ ఆ బేకరీకి ఈవిడ గుడ్లే ఎందుకు? మా వీధిలో నాకు తెలియని వ్యవహారమా! ఒకరోజు వాళ్ళకంటే ముందే చెప్పులేసుకుని బేకరీకి నడిచాను.

"అత్తయ్యగారు ఇక్కడ గుడ్లు ఎంతకమ్ముతారేంటి?" అని ఆరా తీశాను.

బేకరీ ఆయన తెల్లబోయాడు. "గుడ్లా? నాకవి వ్యానులో వస్తాయమ్మా. ఆవిడ వస్తుంది, ఆ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతుంది, అదే సంచీ మోసుకుంటూ నడిచి వెళ్ళిపోతుంది."

"నడిచా! ఇంత ఎండలోనా!"

"పనేంటని అడిగితే, కేకులు మాడాయేమో చూద్దామని వచ్చానంటుంది."

నేను స్టూలు మీద కూలబడ్డాను. అంతలో మా పిల్ల బండి చప్పుడు. బేకరీ ముందాగిన పిండి వ్యాను తలుపుని ఆ డ్రైవరు ఇటూ అటూ చూడకుండా భళ్ళున తెరిచాడు, సరిగ్గా మా పిల్లకి ఎదురుగా! నా పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

కీచుమనలేదు. దబ్బుమనలేదు. కళ్ళు తెరిస్తే, అంత రాక్షసి బండీ తలుపుకి బారెడు దూరంలో పిల్లిలా ఆగి ఉంది.

"తలుపు తీస్తాడని ముందే ఎలా తెలిసిందే?" అని బయటికి పరిగెత్తి అడిగాను.

"వ్యాను అద్దంలో ఆయన లేవడం కనిపించిందమ్మా" అంది, అదేదో మామూలు సంగతైనట్టు.

అత్తయ్య సంచీలో చెయ్యి పెట్టి ఒక్కో గుడ్డూ తడిమింది. దిగింది. "రేపట్నుంచి రానే అమ్మాయ్. బేకరీలో నా పనైపోయింది."

మా పిల్ల మొహం చిన్నబోయింది. "నేను సరిగ్గా నడపట్లేదా అత్తయ్యా?"

"నీ సీటు బండరాయి. నా నడుం పోయింది. ఫో, డ్యూటీకి టైమవుతోంది."

అది వెళ్ళగానే ఆవిడ వెంటపడ్డాను. "ఏంటత్తయ్యా ఈ నాటకం? అమ్మేది లేదు, కొనేది లేదు!"

"అరవకే. మెల్లగా వెళ్ళమని నీ కూతురికి నువ్వు చెప్పావా?"

"నోరు పడిపోయేలా చెప్పాను."

"విందా?"

"వినలేదు."

"నా గుడ్ల మాట వింది."

ఈ కబురు మొదట ఎవరి చెవిన వెయ్యాలా అని నా కళ్ళు అప్పుడే వీధివైపు తిరిగాయి. అత్తయ్య వేలు చూపించింది. "ఎక్కడైనా వాగావో, రేపట్నుంచి నన్నొక్కరూ ఎక్కించుకోరు."

వారం తిరక్కముందే మందులషాపాయన కొత్తల్లుడు ఎర్రటి బండి బయటికి తీశాడు. అత్తయ్య ఎక్కేసింది. అల్లుడుగారు బిక్కమొహం వేసుకుని మేడమీదున్న నావైపు చూశాడు.

"పిన్నిగారూ, నిజంగా ఈవిడకి బేకరీలో పనుందాండీ?"

వీధి వీధంతా నా నోటికేసే చూస్తోంది. అంతమంది, ఇంత మంచి కబురు! నాలుక చివరిదాకా వచ్చేసింది. అత్తయ్య సంచీని రెండు చేతులా పట్టుకుంది.

"ఉందా అని అడుగుతారేంటి బాబూ!" అన్నాను. "గుడ్లు లేక అక్కడ కేకులన్నీ ఆగిపోయాయి. త్వరగా తీసుకెళ్ళండి!"

హెల్మెట్టులోంచి అత్తయ్య నన్ను కాల్చేసేలా చూసింది.

"అంటే... త్వరగా బయల్దేరి, మెల్లగా వెళ్ళండి" అన్నాను.